కేటలాగులో ముందు మీకు తెలిసిన పుస్తకం వెతకండి

మీరు అడిగింది ఇదీ. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, గాజువాకలో ఇల్లు. ఒక పుస్తకాల కేటలాగు దొరికింది, అందులో నాలుగు వేల పైచిలుకు పుస్తకాలు. భారత భాగవతాలు, కాళిదాసు, రష్యన్ నవలలు, నిఘంటువులు, చరిత్ర, ఆర్థికశాస్త్రం, భాషాశాస్త్రం, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. చేతిలో పదివేలు. అమ్మగారికి పోతన భాగవతం కావాలి. అమ్మాయి డిగ్రీలో హిస్టరీ చదువుతోంది. మీకేమో రావిశాస్త్రి నవల ‘అల్పజీవి’ రెండుసార్లు చదివాక ఇంకా చదవాలనిపిస్తోంది. నైట్ షిఫ్టు లేని నాలుగు రాత్రులు కూర్చుని 180 పుస్తకాలకు టిక్కు పెట్టారు. ఒక్కటీ కొనలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు.

విశాఖలోనే ఒక కాలేజీ లైబ్రరీలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. కొనుగోళ్ళ ఫైలు చాలా ఏళ్ళు నా బల్ల మీదే ఉండేది. మార్చి వస్తే గ్రాంటు మురిగిపోతుందని ప్రిన్సిపాల్ గారు తొందరపెట్టేవారు. నాలుగైదు కేటలాగులు ముందేసుకుని రెండు రోజుల్లో ఆర్డరు తయారుచేయాలి. కాబట్టి మీ టెన్షన్ నాకు కొత్త కాదు. ఆ తొందరలో చేసిన తప్పు ఒకటి ముందు చెబుతాను, సగం సమాధానం అందులోనే ఉంది.

ఒక ఏడాది పీజీ తెలుగు పిల్లలకు కన్యాశుల్కం పాఠ్యగ్రంథం. కేటలాగులో ‘కన్యాశుల్కం – గురజాడ అప్పారావు’ అని ఉంది, వెల కూడా తక్కువే. పదిహేను కాపీలు రాశాను. పార్సెల్ వచ్చింది. అటెండరు అలవాటు ప్రకారం టపటపా స్టాంపులు కొట్టేశాడు, నేను అక్సెషన్ నంబర్లు, అంటే లైబ్రరీ రిజిస్టరు నంబర్లు వేసేశాను. వారం తిరక్కుండా తెలుగు మేడం ఒక కాపీ పట్టుకుని వచ్చి, “ఇదేం కన్యాశుల్కమండీ, టీ తాగేలోపు అయిపోయేలా ఉంది” అన్నారు. లోపలి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ప్రదర్శన కోసం కుదించిన ప్రతి అని. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే స్టాంపు పడిన పుస్తకం మేం వెనక్కి తీసుకోం అన్నారు. కుదించినదని కేటలాగులో వేయకపోవడం వాళ్ళ తప్పు. పేజీల సంఖ్య చూడకుండా ఆర్డరు రాయడం నా తప్పు. అది అక్కడ వేసే ఉంది. అసలు నాటకం ఎంత లావుంటుందో నాకు తెలియనిదీ కాదు.

కన్యాశుల్కం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఈ నాటకం మొదట ప్రదర్శించింది 1892లో, అచ్చయింది 1897లో. 1909లో గురజాడ రెండో కూర్పు వేశారు. అది మొదటిదాన్ని సవరించడం కాదు, దాదాపు కొత్త నాటకం రాయడమే. ఐదంకాలు ఏడంకాలయ్యాయి, మధురవాణి పాత్ర ఎంతో పెరిగింది. ఈరోజు మనం కన్యాశుల్కం అని మాట్లాడుకునేది ఆ 1909 నాటకాన్నే. మొదటి కూర్పు కూడా విడిగా అచ్చులో వచ్చింది, పోల్చి చూసే పరిశోధకులకు అది ప్రాణం. ఇవి కాక రంగస్థలానికి కుదించినవి ఉన్నాయి. కేటలాగులో పేరు ఒక్కటే, వచ్చే పుస్తకం మాత్రం ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు.

అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. కొత్త కేటలాగు చేతికొస్తే కొనాల్సిన పుస్తకం వెతకను, నాకు బాగా తెలిసిన పుస్తకం వెతుకుతాను. దాని గురించి ఏం రాశారో చదువుతాను. ఏ కూర్పు, ఎవరు పరిష్కరించారు (అంటే తప్పులు దిద్ది సిద్ధం చేశారు) లేదా అనువదించారు, ఎన్ని పేజీలు, ఏ ఏటి ముద్రణ అనే నాలుగూ ఉంటే ఆ జాబితా రాసిన మనిషి పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చూశాడని అర్థం. పేరు, వెల, అట్ట బొమ్మ మాత్రమే ఉంటే చూడలేదు. అలాంటి కేటలాగు పనికిరాదని కాదు. అందులో కొనే ప్రతి పుస్తకానికీ ముందు ఒక ఫోన్ చేయాలి, అంతే.

మీ గీటురాయి ‘అల్పజీవి’. ఇంట్లో ఉన్న కాపీ పక్కన పెట్టుకుని కేటలాగులో దాన్ని వెతకండి. బహుశా మొదటిసారి దొరకదు. రావిశాస్త్రి అని వెతికితే ఒకచోట, రాచకొండ విశ్వనాథశాస్త్రి అంటే ఇంకోచోట, శాస్త్రి కింద వేరేచోట ఉంటాయి ఆయన పుస్తకాలు. మన పేర్లతో కేటలాగులకు పెద్ద తంటా. మనకి ఇంటిపేరు ముందుంటుంది. ఇంగ్లిష్ అలవాటు ఉన్నవాళ్ళు చివరి ముక్కే ఇంటిపేరనుకుంటారు. దాంతో శ్రీశ్రీ ఒక్కోసారి ‘రావు’ల గుంపులో తేలతారు, శ్రీరంగం శ్రీనివాసరావు కదా! భద్రిరాజు కృష్ణమూర్తిగారి ద్రావిడ భాషల పుస్తకం 2003లో కేంబ్రిడ్జి వాళ్ళు వేశారు, అది ‘కృష్ణమూర్తి’ కిందే ఉంటుంది. మన గిడుగు వారిదైతే ఇంకా విచిత్రం. గిడుగు అని వెతికితే వ్యావహారిక భాష గురించిన వ్యాసాలు వస్తాయి. ఆయన సవర భాష మీద 1931లో వేసిన ఇంగ్లిష్ పుస్తకం, 1938 నాటి సవర–ఇంగ్లిష్ నిఘంటువు మాత్రం ‘రామమూర్తి, జి.వి.’ అని భాషాశాస్త్రం మూలన పడి ఉంటాయి. ఆ ఇద్దరూ ఒకరేనని కేటలాగుకు తెలియదు, చదివే మనమే కలుపుకోవాలి.

ఇంగ్లిష్ అక్షరాల్లో వెతకాల్సి వస్తే గురజాడను జె తో ఒకసారి, జెడ్ తో ఒకసారి వెతకండి. కన్యాశుల్కంలో శ కి ఎస్ ఒక్కటే పెట్టినవాళ్ళున్నారు, హెచ్ కలిపినవాళ్ళున్నారు. దీర్ఘాలకు రెండేసి ‘ఏ’లు పెట్టినవాళ్ళూ ఉన్నారు. విసుగే, కానీ నాలుగు రకాలుగా వెతికితే నాలుగోదానికి దొరికిన పుస్తకాలు నాకు చాలా ఉన్నాయి. చాలా తెలుగు పుస్తకాలకు, పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ కూడా ఉండదు, అది పట్టుకుని వెతకడం కుదరదు.

ఇక మీ 180 టిక్కులు. వాటిని ఎలా వడపోయాలో నాకు నేర్పింది లైబ్రరీ ఉద్యోగం కాదు, హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబరు 12న మీరూ ఇక్కడే ఉండి ఉంటారు, ఆ గాలి సంగతి చెప్పక్కర్లేదు. మా ఇల్లు పెదవాల్తేరులో. సముద్రం వైపు కిటికీ అద్దాలు పగిలి, దాన్ని ఆనుకుని ఉన్న అల్మారా మొత్తం తడిసింది. కరెంటు లేదు, ఫ్యాను కింద పెడదామంటే లేదు. మేడ మీద దుప్పట్లు పరిచి ఆరబెట్టాను. మామూలు కాగితం ముడతలు పడి ఎలాగో బతికింది. నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాలు మాత్రం ఇటుకల్లా అతుక్కుపోయాయి. పోయినవాటికి ఒక నోటుబుక్కులో లిస్టు రాసుకుని, ఆ తర్వాత ఏ కేటలాగు వచ్చినా ఆ లిస్టుతో కూర్చునేదాన్ని.

కొన్నాళ్ళకి ఒక సంగతి బోధపడింది. ‘మహాప్రస్థానం’ పోయింది, నెలలో మళ్ళీ కొన్నాను. కన్యాశుల్కం, మనుచరిత్ర, వేమన పద్యాలు, ఇవి ఏ ఏడాదైనా ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. గోపీనాథ్ మహంతి ఒడియా నవలకు పురిపండా అప్పలస్వామి గారి తెలుగు అనువాదం ‘అమృత సంతానం’ మాత్రం మళ్ళీ దొరకడానికి నాకు మూడేళ్ళు పట్టింది. కోరాపుట్ కొండల్లో కోదులనే గిరిజనుల జీవితం అది. మన అరకు దాటితే వచ్చే ఊళ్ళు. ఆ మూల రచనకు 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. విశాఖవాళ్ళ ఇళ్ళలో ఉండాల్సిన పుస్తకం, అడిగితే పేరు కూడా వినలేదంటారు. ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం, అంటే వ్యవసాయ పదాలది, నాకు ఇప్పటికీ దొరకలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి, నాగలి భాగాలను, కొలతలను, పైరుకు పట్టే తెగుళ్ళను ఏ జిల్లా రైతు ఏమంటాడో పోగుచేసిన పుస్తకం. మా తాత వాడిన మాట అందులో కనబడితే అక్కడే ఆగిపోయేదాన్ని. స్కాను కాపీ ఉంది, చూస్తాను. కానీ నిఘంటువు అనేది ఒక మాట కోసం తెరిచి పక్క మాటలో పడిపోవాల్సిన పుస్తకం, స్క్రీను మీద ఆ సుఖం రాదు.

అందుకని మీ టిక్కుల్ని ఇలా విడదీయండి. ఎప్పుడైనా దొరికేవాటి పక్కన సున్నా పెట్టండి, వాటికి తొందర లేదు, ఎంత గొప్ప పుస్తకాలైనా సరే. అకాడమీలు, విశ్వవిద్యాలయాలు, చిన్న ట్రస్టులు ఒక్కసారి వేసి వదిలేసేవాటికి చుక్క పెట్టండి. అవి స్టాకు ఉన్నప్పుడే కొనాలి. నా అంచనా, మీ 180లో చుక్క పడేవి ఇరవై కూడా ఉండవు. గొప్ప పుస్తకాలు ముందు, మామూలువి తర్వాత అని చాలామంది చెబుతారు. నేను దానికి తలకిందులుగా చెబుతున్నానని తెలుసు. గురజాడ ఎక్కడికీ పోరండీ.

ఆయన ఎందుకు పోరో కూడా చెప్పాలి. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన మర్నాటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్ళు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, కాబట్టి ఆయన రచనల్ని ఎవరైనా అచ్చేయొచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీకి 2043 చివరిదాకా హక్కులుంటాయి. హక్కులు తీరిన పుస్తకం కేటలాగులో పది చోట్ల కనిపించడానికి కారణం ఇదే. పదిమంది వేస్తారు, అందులో ఇద్దరే ప్రూఫులు సరిగ్గా దిద్దుతారు. మా పెద్దలు వావిళ్ళ వారి ప్రతి అని పేరు పెట్టి అడిగేవారు. 1854లో మద్రాసులో పెట్టిన ఆ సంస్థ అచ్చుతప్పులు లేకుండా వేస్తుందని నమ్మకం. ఇప్పుడు అంత గుడ్డిగా నమ్మే పేరు నాకు కనబడదు. ఆధునికుల సమగ్ర రచనలకు మనసు ఫౌండేషన్ సంపుటాలు చూస్తాను. రావిశాస్త్రి, గురజాడ ఇద్దరివీ వాళ్ళు వేశారు. మీరు రావిశాస్త్రిలోనే ఇంకా లోపలికి వెళ్ళాలనుకుంటే విడి నవలలు కొనేబదులు ఆ దారి చూడండి. బరువు మాత్రం బాగా ఉంటుంది, పడుకుని చదవలేరు.

పాత కావ్యాలు కొనేటప్పుడు కేటలాగులో ఒక్కో మాటకీ ఒక్కో అర్థం ఉంటుంది. ‘వచన’ అని ముందుంటే పద్యాలుండవు, కథ మామూలు వాక్యాల్లో చెప్పారని. ‘ప్రతిపదార్థ తాత్పర్య సహితం’ అంటే పద్యం, మాటమాటకీ అర్థం, సారాంశం మూడూ ఉంటాయి. ‘మూలం’ అంటే ఒట్టి పద్యాలే, పంతులుగారు పక్కన ఉండాలి. ‘సంగ్రహ’, ‘సంక్షిప్త’ అని ఉంటే నా పదిహేను కన్యాశుల్కాలు గుర్తు తెచ్చుకోండి. ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకి ఇంకో దారుంది. 2015లో మొదలైన ‘మూర్తి క్లాసికల్ లైబ్రరీ’ అనే పుస్తకాల శ్రేణి తొలి విడతలోనే పెద్దన మనుచరిత్ర వేసింది. ఒక పేజీలో తెలుగు లిపిలోనే పద్యం, ఎదురు పేజీలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్‌మన్ ఇంగ్లిష్. తెలుగు కావ్యానికి ఇంగ్లిష్ సాయం ఏమిటని మొదట మొహం చిట్లించాను. ప్రవరుడు హిమాలయాల్లో దారి తప్పే చోట రెండు పేజీలూ పక్కపక్కన చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

అనువాదాల్లో నేను మొదట చూసేది అనువాదకుడి పేరు. అది లేని నమోదు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తక్కువ ధరకు వచ్చే ఇంగ్లిష్ డాస్టయెవ్‌స్కీ పుస్తకాల్లో చాలావాటిలో ఉండేది కాన్‌స్టన్స్ గార్నెట్ అనువాదం. ఆవిడ 1946లో పోయారు, కాబట్టి మన దగ్గర ఆ హక్కులూ తీరిపోయాయి. మంచి అనువాదమే, కానీ అట్ట మీద ఆవిడ పేరు ఉండదు, కొత్త పుస్తకంలా అమ్ముతారు. తెలుగులో గోర్కీ ‘అమ్మ’ అంటే క్రొవ్విడి లింగరాజు గారి పేరు చూడండి. శరత్ అంటే చక్రపాణి గారు. విజయా వారి సినిమాల చక్రపాణే, బెంగాలీ నేర్చుకుని నేరుగా చేశారు. ఇంట్లో పిల్లలుంటే నండూరి రామమోహనరావు గారి ‘కాంచనద్వీపం’, ‘టామ్ సాయర్’ కళ్ళు మూసుకుని కొనొచ్చు. మీ అమ్మాయి ఆ వయసు దాటింది, కానీ మీరు చదవొచ్చు, తప్పేం లేదు.

అమ్మాయి హిస్టరీ పుస్తకాల దగ్గర మీ లెక్క మారాలి. సాహిత్యంలో పాత కూర్పు ఒక్కోసారి ముద్దు, అకడమిక్ పుస్తకంలో ఎప్పటి కూర్పో తెలియకపోతే మోసపోతాం. ‘రీప్రింట్ 2022’ అని కేటలాగులో ఉంటే పుస్తకం 2022ది అనుకోకండి. అది అచ్చయిన ఏడాది, రాసిన ఏడాది కాదు. రొమిలా థాపర్ ప్రాచీన భారత చరిత్ర పెంగ్విన్‌లో 1966లో వచ్చింది, దశాబ్దాల పాటు పునర్ముద్రణలు పడ్డాయి. ఆవిడే దాన్ని తిరగరాసి 2002లో ‘ఎర్లీ ఇండియా’ అని తెచ్చారు. మధ్యలో తవ్వకాలు, వాదనలు ఎన్నో మారాయి, పుస్తకం కూడా మారింది. కేటలాగులో రెండూ ఉంటే వెల తక్కువని 1966ది కొనకండి. కన్యాశుల్కం గోలే ఇదీ, రచయితే తిరగరాసిన పుస్తకం. అక్కడ 1897ది పరిశోధకులకైనా కావాలి, ఇక్కడ డిగ్రీ పిల్లకి కొత్తదే కావాలి.

తెలుగు మీడియం అయితే 1968లో పెట్టిన తెలుగు అకాడమీ పుస్తకాలు పరిభాష కోసం దగ్గర ఉంచుకోవడం మంచిది. శైలి పొడిపొడిగా ఉంటుంది, నిజమే. పరీక్షలో మార్కు తెచ్చే మాట అందులోదే.

అకడమిక్ పుస్తకం మంచిదో కాదో కొనకముందే తెలుసుకోవడం నాకు నేర్పినవాడు ఒక పాత పుస్తకాల కొట్టతను. పెద్దగా చదువుకోలేదు. నేను ఒక చరిత్ర పుస్తకం అట్ట చూసి మురిసిపోతుంటే, “అట్ట సూసి కొనీసి తర్వాత నన్ననకండి అమ్మగోరూ, ఎనకాల సూడండి, ఎనకాల పేజీలుంటేనే మేస్టర్లు మళ్ళీ కొంతారు” అన్నాడు. ఆ వెనక పేజీలే ఇండెక్సు, గ్రంథసూచి (రచయిత ఆధారపడ్డ పుస్తకాల జాబితా), అధ్యాయాల నోట్సు. అతని అనుభవమంతా ఆ ఒక్క మాటలో ఉంది, మాకు లైబ్రరీ సైన్సులో ఏడాదిపాటు చెప్పిన పాఠం అది. ఇప్పుడు కేటలాగుల్లో లోపలి పేజీలు కొన్ని చూపిస్తున్నారు. ముందుమాట తర్వాత చదవొచ్చు, చివరి పది పేజీలు చూపిస్తున్నారేమో చూడండి. ఇండెక్సు లేని చరిత్ర పుస్తకాన్ని మీ అమ్మాయి ఒకసారి చదివి పక్కన పడేస్తుంది. ఉన్నదైతే మూడేళ్ళూ దాంట్లో వెతుక్కుంటుంది.

విదేశీ ప్రచురణల వెల చూసి భయపడకండి. చాలావాటికి మన దేశానికి విడిగా చవక ఎడిషన్ ఉంటుంది, ఇండియా, పొరుగు దేశాల్లో మాత్రమే అమ్మకానికి అని వెనక అట్ట మీద వేస్తారు. కాగితం పలచన, విషయం అదే. లెక్కల పుస్తకాల్లో మాత్రం అభ్యాసాల నంబర్లు మారుతుంటాయి, అది మీకు పట్టింపు కాదు.

ఒక్క రకం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. మీ టిక్కుల్లో విశాఖ జిల్లా గురించిన పాత ఇంగ్లిష్ పుస్తకాలు రెండున్నాయి. కార్మైకేల్ 1869లో రాసిన జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907లో రాసిన గెజెటీర్, అంటే సర్కారు కోసం రాసిన జిల్లా వివరాల పుస్తకాలు. రెండూ బంగారమే. మన జమీందారీలు, ఏజెన్సీ, కరువులు, రేవు, అన్నీ కలెక్టరు కళ్ళతో ఉంటాయి, ఆ కళ్ళజోడు సంగతి గుర్తుంచుకుని చదవాలి. కానీ కేటలాగులో ఉన్నవి చూడబోతే స్కాను తీసి ఆర్డరు వచ్చినప్పుడల్లా అచ్చేసే రకం. పేజీలు వంకర, అక్కడక్కడ వేలి నీడ. పాత పుస్తకాల్లో మడతపెట్టి ఉండే మ్యాపును స్కాను తీసినవాడు తరచూ విప్పనే విప్పడు. జిల్లా చరిత్రలో మ్యాపు లేకపోతే ఇంకేముంది! ఆ స్కానులు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగానే ఉన్నాయి, దించుకుని మీకు కావలసిన అధ్యాయం మాత్రం జిరాక్సు తీయించుకోండి. డబ్బు పెట్టి కొనాల్సింది ఎవరైనా కొత్తగా అక్షరాలు పేర్చి, పీఠిక రాసి వేసినప్పుడే.

మరో పని కూడా చేయండి.  సెలవు రోజు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళి చుక్క పెట్టిన పుస్తకాల్లో ఏవున్నాయో చూడండి. అమ్మాయిని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు లైబ్రరీ, అదే వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో బయటివాళ్ళకు అనుమతి ఎలాగో కనుక్కోమనండి. అబ్బూరి రామకృష్ణారావు గారు లైబ్రేరియనుగా పనిచేసిన చోటు అది, కవి బీరువాల మధ్య తిరిగితే ఎలాంటి సేకరణ తయారవుతుందో చూడొచ్చు. బీరువాల దగ్గరికి వెళ్ళనిస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తెలుగు సాహిత్యం నంబరు 894.827, తెలుగు భాష 494.827, భారత చరిత్ర 954. ఇది లైబ్రరీల్లో పుస్తకాల్ని విషయం వారీగా నంబర్లతో సర్దే డ్యూయీ పద్ధతి. మీకు నచ్చిన పుస్తకం దొరికాక దాన్ని వెంటనే తీయకండి, దాని అటు ఐదు, ఇటు ఐదు పుస్తకాల వెన్నులు చదవండి. మీ కేటలాగు చేయలేని పని ఇది. అందులో పుస్తకాలు అకారాది క్రమంలో ఉంటాయి, లేదా ఎక్కువ అమ్ముడైన క్రమంలో ఉంటాయి. ఒక పుస్తకానికి నిజమైన చుట్టాలు ఎవరో చెప్పేది బీరువానే. అక్కడ తిరగేసి, ఇది ఇంట్లో ఉండాలి అనిపించినదే కేటలాగులో కొనండి.

ఇప్పుడు పదివేల సంగతి. మొత్తం ఒకేసారి పెట్టకండి. సెట్లు కొనకండి, ‘వంద మహా గ్రంథాలు’ లాంటివి అసలే వద్దు. సెట్టులో నచ్చని సగాన్ని జీవితాంతం దులుపుతూ ఉండాలి. మొదటి ఆర్డరులో మూడే పుస్తకాలు: మీ చుక్కల్లోంచి ఒకటి, అమ్మాయికి ‘ఎర్లీ ఇండియా’, అమ్మగారికి భాగవతం. ఆ మూడూ ఎలా ప్యాక్ చేశారు, కేటలాగులో చెప్పిన ఎడిషనే పంపారా అన్నది చూశాక రెండో ఆర్డరు.

పార్సెల్ విప్పగానే మీ పేరు రాయకండి. స్టాంపు కథ గుర్తుంది కదా. ముందు పేజీలన్నీ ఒకసారి తిప్పండి. పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చయి, తర్వాత కలిపి కుడతారు. ఒక్కోసారి ఒక ఫారం రెండుసార్లు పడుతుంది, దాని పక్కది ఎగిరిపోతుంది. 160 తర్వాత 177 వచ్చిందంటే అదే. ఇది వెంటనే చెబితే మార్చి ఇస్తారు, ఆరు నెలల తర్వాత నవ్వుతారు. మన గాలికి తేమ ఎక్కువ కాబట్టి అల్మారా గోడకి ఆనించకండి, నాలుగు వేళ్ళ సందు వదలండి. కిటికీ పక్కన అయితే మరీ వద్దు, ఎందుకో పైన చెప్పాను.

అమ్మగారి భాగవతానికి తిరుమల తిరుపతి దేవస్థానం వారి తాత్పర్య సహిత ప్రతి ఉందేమో ముందు కనుక్కోండి, స్టాకు ఉంటే వేరేది చూడక్కర్లేదు. లేకపోతే కేటలాగులో ఉన్నవాటిలో పన్నెండు స్కంధాలూ ఉన్నదే తీసుకోండి. పోతనతో పాటు గంగన, సింగన, నారయల పేర్లు కూడా వేశారేమో చూడండి. ఐదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ వెలిగందల నారయ రాశారు. ఆ పేర్లు వేసినవాళ్ళు పుస్తకం తెలిసి వేసినట్టు. అక్షరం సైజు ఫోన్ చేసి అడగండి, సిగ్గుపడకండి, ఒక పేజీ ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. పుస్తకం వచ్చాక ఫారాలు చూసేటప్పుడు అష్టమ స్కంధం దగ్గర మాత్రం ఒక్కో పేజీ నంబరూ వేలితో లెక్కపెట్టండి. గజేంద్ర మోక్షం అక్కడే ఉంది, అమ్మగారు ముందు తెరిచేది అదే.